జన్యులిపి, నుదుటిరాత: ఒక చారిత్రక పరిశీలన

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగానీ పోదని మనకొక సామెత ఉంది. ఈ సామెతను ఎవరు ఎవర్ని చూసి అంటారో కాస్త గమనిస్తే దాని స్వభావం తెలిసిపోతుంది. పాలేరు కొడుకును గురించి అన్నంత సులువుగా దొర కొడుకును గురించి ఎవరూ అనరు. వెనుకటికి ఇలాంటి మాటలకు ఆధారం నుదుటిరాత. బ్రహ్మ రాసినదాన్ని ఎవరూ చెరపలేరు గనక ఎవడి స్థానంలో వాడు పడి ఉండాలి. ఈనాడు చదువుకున్నవాళ్ళు బ్రహ్మ పేరెత్తటానికి కొంచెం మొహమాటపడి డి.ఎన్.ఎ. పేరెత్తుతున్నారు. ఫలానా కులానికి వ్యాపారం డి.ఎన్.ఎ.లోనే ఉందట. ఫలానావాళ్ళకు చదువు రక్తంలోనే లేదట. కులాంతర వివాహం చేసుకున్న కూతుర్ని చంపించటానికి వెనుదీయని తండ్రి కూడా రక్తశుద్ధి గురించే మాట్లాడతాడు. రాత పాతదే. రాసినవాడి పేరు మాత్రం మారింది.

ఇంకోపక్క ఈ శాస్త్రమంతా మన పురాణాల్లోనే ఉందనే ప్రచారం పాలకుల నోటి నుంచే సాగుతోంది. 2014 అక్టోబరులో ముంబైలో ఒక ఆసుపత్రి ప్రారంభోత్సవంలో దేశ ప్రధానమంత్రి కర్ణుడి పుట్టుకను ఉదహరించి, మహాభారత కాలానికే మనకు జన్యుశాస్త్రం ఉండేదన్నారు. 2019 జనవరిలో జలంధర్‌లో జరిగిన సైన్సు కాంగ్రెసులో అప్పటి ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉపకులపతి, కౌరవులు నూరుగురూ మూలకణాల పద్ధతిలోనూ టెస్ట్‌ట్యూబు పద్ధతిలోనూ పుట్టారన్నారు. డి.ఎన్.ఎ.ను నుదుటిరాతగా చెప్పేవాళ్ళూ, జన్యుశాస్త్రాన్ని వేదవ్యాసుడికి అంటగట్టేవాళ్ళూ పైకి వేరుగా కనిపించినా చేస్తున్న పని ఒకటే. జీవానికీ, జీవాన్ని గురించిన జ్ఞానానికీ కూడా చరిత్ర లేదంటున్నారు. అందుకే నేను ఇక్కడ ఆ చరిత్రే చెప్పదలచుకున్నాను. ముఖ్యంగా అందులో రెండు పాయల్ని తీసుకుంటున్నాను. ఒకటి జన్యుసంకేతం, దాన్ని మనుషులు పెంచిన తీరు. రెండోది క్రొమాటిన్, అంటే కణకేంద్రకంలో డి.ఎన్.ఎ.ను చుట్టిపెట్టి ఉంచే పదార్థం. ఈ రెండూ మన కాలంలో హైంజ్ నాయ్‌మాన్ అనే జర్మన్ అణుజీవశాస్త్రజ్ఞుడి పరిశోధనలో కలుసుకున్నాయి. అక్కడికి చేరేలోగా ప్రగతిశీల ఉద్యమం ఇబ్బందిగానైనా చూడవలసిన ఒక అధ్యాయం కూడా దారిలో ఉంది. దాన్ని తప్పించుకుని పోవటం నాకిష్టం లేదు.

క్రొమాటిన్ కథ ముందు మొదలయింది. 1869లో జర్మనీలోని ట్యూబింగెన్‌లో ఫ్రెడరిక్ మీషర్ అనే యువకుడు, శస్త్రచికిత్సా ఆసుపత్రి నుంచి చీముతో తడిసిన కట్లు తెప్పించుకుని, ఆ చీములోని తెల్లకణాల కేంద్రకాల నుంచి అంతవరకూ ఎవరూ చూడని పదార్థం ఒకటి వేరుచేశాడు. దానికి న్యూక్లిన్ అని పేరు పెట్టాడు. ఈనాడు మనం డి.ఎన్.ఎ. అంటున్నది దాన్నే. వంశగౌరవాలకు మూలమని చెప్పుకుంటున్న పదార్థం మొదట దొరికింది చీముగుడ్డల్లోనన్నమాట! మరో పదేళ్ళకు వాల్టర్ ఫ్లెమింగ్ కేంద్రకంలో అద్దకపు రంగును బాగా పట్టుకునే భాగానికి క్రొమాటిన్ అని పేరు పెట్టాడు. 1884లో ఆల్‌బ్రెక్ట్ కోసెల్ పెద్దబాతు ఎర్రకణాల నుంచి హిస్టోన్ అనే ప్రోటీన్‌ను బయటికి తీశాడు. క్రొమాటిన్ అంటే డి.ఎన్.ఎ., దాన్ని అంటిపెట్టుకున్న ప్రోటీన్లు. ఆ ప్రోటీన్లలో ముఖ్యమైనవి హిస్టోన్లు.

ఆ రోజుల్లో వంశపారంపర్యాన్ని మోసేది ప్రోటీనే అయి ఉంటుందని చాలామంది అనుకున్నారు. డి.ఎన్.ఎ.లో ఉన్నవి నాలుగే అక్షరాలు, ప్రోటీన్‌లో 20 రకాల అమైనో ఆమ్లాలు. నాలుగక్షరాల పదార్థం ఇంత వైవిధ్యాన్ని మోయలేదని వాళ్ళ వాదన. 1878లో ఎంగెల్స్ కూడా జీవాన్ని ప్రోటీన్ల అస్తిత్వ రూపంగానే నిర్వచించాడు. ఆనాటి శాస్త్రం ఎంతవరకు వచ్చిందో అంతవరకు ఆయన చెప్పాడు. ఎంగెల్స్‌ను వేదంలాగా వల్లించేవాళ్ళు ఈ ఒక్క వాక్యం దగ్గర ఆగి ఆలోచిస్తే మంచిది. 1944లో న్యూయార్క్‌లో ఎవరీ, మెక్‌లౌడ్, మెకార్టీ చేసిన ప్రయోగాలతో లక్షణాలను మోసేది డి.ఎన్.ఎ.యేనని తేలటం మొదలయింది. 1953లో వాట్సన్, క్రిక్ దాని జంటమెలికల నిర్మాణాన్ని ప్రకటించారు. ఆ నిర్మాణానికి ఆధారమయిన ఎక్స్‌రే చిత్రాలు రోజలిండ్ ఫ్రాంక్లిన్ ప్రయోగశాలలోవి. ఆమెకు చెప్పకుండానే ఆమె చిత్రం ఇతరుల చేతుల్లోకి వెళ్ళింది. 1958లో 37వ ఏట ఆమె చనిపోయింది. 1962 నోబెల్ బహుమతి ముగ్గురు మగవాళ్ళు పంచుకున్నారు.

ఇక మిగిలింది భాష సమస్య. నాలుగక్షరాలతో రాసిన వాక్యాన్ని కణం 20 అమైనో ఆమ్లాలతో చేసిన ప్రోటీన్‌గా ఎట్లా తర్జుమా చేసుకుంటుంది? భౌతికశాస్త్రజ్ఞుడు జార్జి గామోవ్ 1954లో, డి.ఎన్.ఎ. మెలికల మధ్య ఉండే గుంటల్లో అమైనో ఆమ్లాలు వాటంతటవే సరిపోయి కూర్చుంటాయని ఊహించాడు. చాలా అందమైన ఊహ అది. అయితే అంతా తప్పు. క్రిక్ మరో ఊహ చేశాడు. అక్షరాలకూ అమైనో ఆమ్లానికీ నేరుగా ఏ పొత్తూ లేదనీ, రెండిటి మధ్యా ఒక దుబాసీ అణువు ఉండి తీరాలనీ అన్నాడు. ఈ దుబాసీ నిజంగానే దొరికింది. దాన్నే రవాణా ఆర్.ఎన్.ఎ. అంటున్నాం. దానికి ఒక చివర మూడక్షరాల మాటను గుర్తుపట్టే భాగం ఉంటుంది. రెండో చివర ఒక అమైనో ఆమ్లం ఉంటుంది. ఏ దుబాసీకి ఏ ఆమ్లం తగిలించాలో చూసేది సింథటేజ్ అనే ఎంజైమ్. ఈ చిన్న వివరాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి. ముందు ముందు కథంతా దీనిమీదే నడుస్తుంది.

సంకేతంలో మొదటి మాటను చదివింది క్రిక్ వంటి ఉద్దండులు కారు. అమెరికాలోని బెథెస్డాలో ప్రభుత్వ ఆరోగ్య సంస్థలో పనిచేస్తున్న మార్షల్ నిరెన్‌బర్గ్ అనే 34 ఏళ్ళ యువకుడూ, ఆయన దగ్గరకు జర్మనీ నుంచి వచ్చిన హైన్రిచ్ మతాయీ అనే పరిశోధకుడూ ఆ పని చేశారు. 1961 మే 27 తెల్లవారుజామున మతాయీ చేసిన ప్రయోగంలో, యు అనే అక్షరం ఒక్కటే వరసగా ఉన్న ఆర్.ఎన్.ఎ. నుంచి ఫినైల్ అలనిన్ అనే ఒకే అమైనో ఆమ్లంతో చేసిన ప్రోటీన్ తయారయింది. అంటే యు.యు.యు. అనే మాటకు అర్థం ఫినైల్ అలనిన్. 1968 నోబెల్ బహుమతి పంపకంలో మతాయీ పేరు లేదు. రాత్రంతా మేలుకుని ప్రయోగం చేసినవాడికి తెల్లవారాక పేరు దక్కకపోవటం సైన్సులోనూ కొత్త కాదు.

ఈ ఫలితాన్ని నిరెన్‌బర్గ్ ప్రపంచానికి ప్రకటించింది 1961 ఆగస్టులో, మాస్కోలో జరిగిన అంతర్జాతీయ జీవరసాయన మహాసభలో. పేరు తెలియని మనిషి గనక చిన్న గదిలో కొద్దిమంది మాత్రమే విన్నారు. సంగతి తెలిసిన క్రిక్ ఆయన చేత పెద్ద సభలో మళ్ళీ మాట్లాడించాడు. ఇందులో ఉన్న చారిత్రక వైచిత్రి నన్ను చాలాకాలంగా వెంటాడుతోంది. జన్యువు అక్షరాల్ని చదవగలిగామనే వార్త వెలువడిన ఆ నగరంలోనే, అసలు జన్యువు అనేదే లేదన్న త్రోఫిమ్ లైసెంకో ఆ రోజున సోవియట్ జన్యుశాస్త్ర సంస్థకు అధిపతిగా ఉన్నాడు.

లైసెంకో సంగతి మన సాహిత్యోద్యమాల్లో చాలామంది సగం మాత్రమే చెబుతారు. విప్లవం తర్వాత తొలి దశాబ్దాల్లో సోవియట్ జన్యుశాస్త్రం ప్రపంచంలో ముందు వరసలో ఉండేది. నికొలాయ్ వవిలోవ్ ఖండాలన్నీ తిరిగి పంటమొక్కల విత్తనాలు సేకరించి లెనిన్‌గ్రాడ్‌లో గొప్ప భాండారం నెలకొల్పాడు. యుద్ధకాలంలో ఆ నగరాన్ని నాజీలు ముట్టడించినప్పుడు, అక్కడి సిబ్బందిలో కొందరు చేతికందే దూరంలో ధాన్యం ఉన్నా దాన్ని ముట్టకుండా ఆకలితో చనిపోయారు. వాళ్ళకు నాయకుడయిన వవిలోవ్‌ను అంతకుముందే, 1940 ఆగస్టులో, అరెస్టు చేశారు. 1943 జనవరిలో సరటోవ్ జైల్లో ఆయన చనిపోయాడు. లోకానికి తిండిగింజలు పోగుచేసినవాడు జైల్లో చిక్కి శల్యమై పోయాడు. 1948 ఆగస్టులో వ్యవసాయ శాస్త్రాల అకాడమీ సమావేశంలో లైసెంకో తన నివేదికకు పార్టీ కేంద్రకమిటీ ఆమోదం ఉందని ప్రకటించాడు. దానితో చర్చ ముగిసింది. జన్యుశాస్త్రజ్ఞుల ఉద్యోగాలు పోయాయి, పాఠ్యగ్రంథాలు మారాయి. పరిసరాలను మార్చి మొక్క స్వభావాన్ని కోరినట్టు మార్చవచ్చనీ, ఆ మార్పు విత్తనంలోకి దిగుతుందనీ లైసెంకో చెప్పాడు. గోధుమ రైగా మారుతుందన్నాడు. జన్యువును నమ్మటం భావవాదమన్నాడు.

లైసెంకోను ఆనాడు ఎందరో నిజాయితీపరులు కూడా నమ్మటానికి కారణం ఉంది. మనిషి పుట్టుకతో బందీ కాదనే మాట వినటానికి బాగుంటుంది. హిట్లర్ జాతిసిద్ధాంతం జన్యువుల పేరు చెప్పి మారణహోమం జరిపిన కాలం అది. అయితే ఒక ప్రతిపాదన మన ఆశయానికి అనుకూలంగా ఉందా లేదా అని చూసి అది నిజమో కాదో తేల్చటం భౌతికవాదం ఎప్పటికీ కాజాలదు. భౌతికవాదం పేరుతో జరిగింది పచ్చి భావవాదం. భావం తీర్మానంగా మారింది, పొలం ఆ తీర్మానానికి తల ఒగ్గలేదు.

ఈ సందర్భంలో జె.బి.యస్. హాల్డేన్‌ను తలచుకోకుండా ఉండలేను. జన్యుశాస్త్రాన్నీ డార్విన్ సిద్ధాంతాన్నీ గణితంతో ముడివేసిన ముగ్గురిలో ఆయనొకడు. బ్రిటిష్ కమ్యూనిస్టు పార్టీ సభ్యుడు. లైసెంకోను బాహాటంగా ఖండించటానికి మొదట్లో తటపటాయించాడు. 1950 ప్రాంతంలో పార్టీకి దూరమయ్యాడు. అయినా సామ్యవాదం మీద విశ్వాసం వదులుకోలేదు. 1957లో ఇండియా వచ్చి, కలకత్తాలోనూ తర్వాత భువనేశ్వర్‌లోనూ పనిచేసి, ఇక్కడి పౌరుడయ్యాడు. 1964 డిసెంబరు 1న చనిపోయాడు. తన శరీరాన్ని వైద్యవిద్యార్థుల చదువుకు ఇమ్మని రాసిపెట్టటంతో దాన్ని కాకినాడ రంగరాయ వైద్యకళాశాలకు పంపారు. తనకు పిండాలూ తద్దినాలూ కోరకుండా తెలుగునాట విద్యార్థుల ముందు పాఠంగా మారిన మనిషిని మనం తగినంతగా గుర్తుపెట్టుకోలేదు.

సంకేతంలోని మిగిలిన మాటలు చదివినవాళ్ళలో హరగోవింద ఖొరానా ముఖ్యుడు. ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న ముల్తాన్ ప్రాంతంలో రాయపూర్ అనే చిన్న పల్లెలో 1922లో పుట్టాడు. తండ్రి గ్రామ పట్వారీ. ఊళ్ళో చదువు వచ్చిన కుటుంబం దాదాపు వాళ్ళదొక్కటే. లాహోరులో చదివి, ప్రభుత్వ వేతనంతో లివర్‌పూల్ వెళ్ళి డాక్టరేటు తీసుకున్నాడు. 1949లో తిరిగివస్తే స్వతంత్ర భారతదేశంలో ఆయనకు ఉద్యోగం దొరకలేదు. మళ్ళీ విదేశం వెళ్ళాడు. 1968లో నోబెల్ బహుమతి రాగానే మనవాడని పత్రికలన్నీ రాశాయి. ఖొరానా చేసింది ఓపికతో కూడిన శ్రమ. ఏ అక్షరం తర్వాత ఏ అక్షరం ఉందో కచ్చితంగా తెలిసిన ఆర్.ఎన్.ఎ.లను రసాయనికంగా కట్టి, ఒక్కొక్కటి ఏ అమైనో ఆమ్లాల గొలుసునిస్తుందో చూశాడు. 1966 నాటికి 64 మాటల పట్టిక పూర్తయింది. అందులో 61 మాటలకు అమైనో ఆమ్లాలు అర్థాలు. మిగిలిన మూడూ వాక్యం ముగిసిందని చెప్పే గుర్తులు. ఆ మూడిటిలో యు.ఎ.జి. అనే దానికి అంబర్ అని ముద్దుపేరు. ప్రయోగంలో సహాయపడిన బెర్న్‌స్టైన్ అనే విద్యార్థి ఇంటిపేరుకు జర్మన్ భాషలో ఆ అర్థం ఉండటం వల్ల వచ్చిన పేరది.

బాక్టీరియా మొదలు మనిషి దాకా ఈ పట్టిక ఒక్కటే కావటం చూసి ఇది మార్పులేని ప్రకృతి శాసనమని కొందరు అనుకున్నారు. క్రిక్ 1968లో ఇంకో మాట చెప్పాడు. ఏ మాటకు ఏ అర్థం అనేది మొదట్లో యాదృచ్ఛికంగా ఏర్పడి, తర్వాత గడ్డకట్టుకుపోయి ఉండవచ్చునన్నాడు. ఒక్క మాటకు అర్థం మారితే కణంలోని వేలాది ప్రోటీన్లు ఒక్కసారిగా చెడిపోతాయి గనక మారటానికి వీలు లేకపోయింది. అంటే పట్టిక నిలకడకు కారణం చరిత్రలో ఉంది, పవిత్రతలో లేదు. ఆ తర్వాత అపవాదాలు కూడా బయటపడ్డాయి. 1979లో మన కణాల్లోనే ఉండే మైటోకాండ్రియాలు ఒక ముగింపు గుర్తును ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లంగా చదువుకుంటున్నాయని తెలిసింది. 1986లో సెలినోసిస్టీన్ అనే 21వ అమైనో ఆమ్లం తేలింది. 2002లో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో క్రిజికీ, చాన్‌ల బృందాలు మెథనోసార్సినా అనే సూక్ష్మజీవిలో 22వ దాన్ని కనుక్కున్నాయి. గోబర్‌గ్యాసు పుట్టించే సూక్ష్మజీవుల బంధువు ఇది. అది అంబర్ గుర్తును చూసి ఆగదు. దాన్ని పిరోలైసిన్ అని చదువుకుంటుంది, దానికొక ప్రత్యేక దుబాసీని పెట్టుకుంది.

ప్రకృతి చేసినదాన్ని మనిషి చెయ్యలేడా అనే ప్రశ్న అప్పటికే పుట్టింది. కాలిఫోర్నియాలో పీటర్ షుల్ట్జ్ 1989లో పరీక్షనాళికలో చేసి చూపించాడు. 2001లో ఆయనా, లీ వాంగ్ తదితరులూ బతికివున్న బాక్టీరియాలో చేశారు. 2003లో ఆయన బృందంలోని జేసన్ చిన్ మొదలయినవాళ్ళు ఈస్టులో, అంటే కేంద్రకం ఉన్న కణంలో చేశారు. పద్ధతిని మన లిపితో పోల్చి చెబుతాను. తెలుగు అక్షరమాలలో అరసున్న ఉంది. అది నోటిలోంచి పోయి ఎంతకాలమయిందో! ఇప్పటి అచ్చులోనూ అరుదు. ఎవరయినా తెలుగులో లేని కొత్త ధ్వనికి గుర్తు కావాలనుకుంటే, వాడుకలో ఉన్న అక్షరాన్ని తీసుకుంటే గందరగోళం అవుతుంది. అరసున్నను తీసుకుంటే నష్టం తక్కువ. ఇ.కోలై బాక్టీరియాలో అంబర్ అలాంటిది. నాలుగు వేల పైచిలుకు జన్యువుల్లో దాదాపు 321 మాత్రమే దానితో ముగుస్తాయి. ఆ గుర్తును చదివే కొత్త దుబాసీని, దానికి కొత్త అమైనో ఆమ్లాన్ని తగిలించే కొత్త సింథటేజ్‌నూ మరో జాతి జీవి నుంచి తెచ్చి కణంలో పెడతారు. ఈ కొత్త జంట పాత దుబాసీల జోలికి పోకూడదు, పాత ఎంజైములు దీని జోలికి రాకూడదు. ఆ షరతు నెరవేరేదాకా ఎంజైమును వేలాది రూపాల్లో మార్చి, వాటిలో పనికివచ్చేదాన్ని ఏరతారు. గోధుమను తీర్మానంతో రైగా మార్చటానికీ, దీనికీ ఉన్న తేడా ఇక్కడే ఉంది. కణం నియమాన్ని తెలుసుకుని, ఆ నియమం ద్వారానే దాన్ని మార్చారు.

ఇప్పుడు క్రొమాటిన్ దగ్గరకు తిరిగి వస్తాను. ఒక మనిషి కణంలోని డి.ఎన్.ఎ.ను సాగదీస్తే దాదాపు రెండు మీటర్ల పొడవుంటుంది. కంటికి కనిపించని కేంద్రకంలో అది ఇమడాలంటే చుట్టిపెట్టక తప్పదు. 1974లో ఒలిన్స్ దంపతులు సూక్ష్మదర్శినిలో దారానికి పూసలు గుచ్చినట్టున్న రూపాన్ని చూపారు. అదే సంవత్సరం రోజర్ కోర్న్‌బర్గ్ ఆ పూస నిర్మాణాన్ని వివరించాడు. ఎనిమిది హిస్టోన్లు కలిసి ఒక కండె అయితే, దాని చుట్టూ 147 అక్షరజంటల డి.ఎన్.ఎ. చుట్టుకుని ఉంటుంది. ఈ కండెలోని ఒక రకం హిస్టోన్‌లో 102 అమైనో ఆమ్లాలున్నాయి. బఠాణీమొక్కలో ఉన్నదానికీ ఆవులో ఉన్నదానికీ తేడా అందులో రెండే రెండు. గోవుకు మాత్రమే మాతృత్వం కట్టబెట్టినవాళ్ళు బఠాణీకి ఏ బంధుత్వం చెబుతారో తెలియదు.

చాలాకాలం హిస్టోన్లను మూటగట్టే గుడ్డలుగానే చూశారు. హాల్డేన్ చనిపోయిన 1964లోనే విన్సెంట్ ఆల్‌ఫ్రీ, న్యూయార్క్‌లో, వేరే మాట చెప్పాడు. హిస్టోన్‌లోని లైసిన్‌కు ఎసిటైల్ అనే చిన్న రసాయనిక భాగం తగిలితే జన్యువులు చదవబడటానికి వీలు పెరుగుతుందన్నాడు. లైసిన్‌కు ధనావేశం ఉంటుంది, డి.ఎన్.ఎ.కు రుణావేశం. ఎసిటైల్ తగిలితే లైసిన్ ధనావేశం పోతుంది, పట్టు సడలుతుంది. ముప్పై ఏళ్ళకు పైగా ఈ మాట పక్కన పడివుంది. 1996లో డేవిడ్ ఆలిస్ బృందం ఎసిటైల్‌ను తగిలించే ఎంజైమును, స్టువర్ట్ ష్రైబర్ బృందం దాన్ని ఊడదీసే ఎంజైమును పట్టుకున్నాక పరిస్థితి మారింది. 2000లో స్ట్రాల్, ఆలిస్ హిస్టోన్ల మీది ఈ గుర్తులు కూడా ఒక సంకేతమేనని ప్రతిపాదించారు.

ప్రతిపాదన బాగానే ఉంది, రుజువు కష్టం. కణం నుంచి తీసిన హిస్టోన్ల మీద రకరకాల గుర్తులు కలగాపులగంగా ఉంటాయి. ఏ గుర్తు వల్ల ఏ ఫలితం వచ్చిందో చెప్పటం సంతలో అరుస్తున్నవాళ్ళలో ఒక్క గొంతును వేరుచేసి వినటం లాంటిది. ఇక్కడే రెండు పాయలూ కలిశాయి. కేంబ్రిడ్జిలో బ్రిటిష్ ప్రజల పన్నులతో నడిచే అణుజీవశాస్త్ర ప్రయోగశాలలో చిన్ దగ్గర పనిచేస్తున్న నాయ్‌మాన్, మెథనోసార్సినా సింథటేజ్‌ను మార్చి, ఎసిటైల్ తగిలిన లైసిన్‌నే అంబర్ గుర్తుకు అర్థంగా చేశాడు. ఇది 2008 నాటి పని. బాక్టీరియాలో హిస్టోన్లు ఉండవు గనక అక్కడ తయారు చేయిస్తే పాత గుర్తుల గొడవ లేదు. కోరిన చోట, కోరిన ఒక్క గుర్తు మాత్రమే ఉన్న హిస్టోన్ చేతికి వచ్చింది. 2009లో హెచ్3 అనే హిస్టోన్‌లో 56వ స్థానాన ఎసిటైల్ పెట్టి చూశారు. క్రొమాటిన్ మొత్తం విప్పుకుపోతుందని అనుకున్నవాళ్ళకు నిరాశ కలిగింది. అలా జరగలేదు. కండె అంచుల దగ్గర డి.ఎన్.ఎ. లేచి మళ్ళీ అతుక్కోవటం మాత్రం ఏడు రెట్లు పెరిగింది. ఆ గుర్తు చేసే పని అంతే, అక్కడే. ఇటువంటి కొలిచిన ఫలితం ఒకటి పది సిద్ధాంతాల పెట్టు అని నా అభిప్రాయం.

తర్వాత గోటింగెన్‌లో నాయ్‌మాన్ బృందం ఇదే సాధనాన్ని బతికివున్న ఈస్టులో ప్రయోగించింది. వెలుతురు తగిలితే పక్కనున్న ప్రోటీన్‌ను పట్టుకుని అతుక్కుపోయే ఒక కృత్రిమ అమైనో ఆమ్లం ఉంది. దాన్ని హిస్టోన్లలో ఒక్కొక్క స్థానంలో పెట్టి, కణవిభజన వేళ ఏది దేన్ని తాకుతోందో చూశారు. కణం రెండుగా చీలబోయే ముందు క్రోమోజోములు దగ్గరగా ముడుచుకుంటాయని ఫ్లెమింగ్ కాలం నుంచీ తెలుసు. ఎట్లా ముడుచుకుంటాయనేదానికి 2014లో ఈ బృందం ఒక వరస చూపింది. హెచ్3లో పదవ స్థానానికి ఫాస్ఫేటు తగులుతుంది. అది హెచ్ఎస్‌టి2 అనే ఎంజైమును రప్పిస్తుంది. ఆ ఎంజైము హెచ్4లో 16వ స్థానం నుంచి ఎసిటైల్‌ను ఊడదీస్తుంది. విడుదలయిన హెచ్4 తోక పక్క కండెను పట్టుకుంటుంది. కండెలు ఒకదానికొకటి దగ్గరవుతాయి.

సంకేతం అనే మాటను రెండుచోట్లా వాడటం గురించి ఇక్కడ నా అభిప్రాయం చెప్పాలి. జన్యుసంకేతంలో మాటకూ అర్థానికీ మధ్య దుబాసీ ఉన్నాడు. దుబాసీని మారిస్తే అర్థం మారుతుంది. అందుకే అది అక్షరాలా సంకేతం, అందుకే దాన్ని పెంచగలిగారు. హిస్టోన్ గుర్తుల విషయం అంత సూటి కాదు. కొన్ని గుర్తుల్ని చదివే ప్రోటీన్లు ఉన్న మాట నిజమే. మరికొన్ని మాత్రం తమ ఆవేశంతో, తమ బరువుతో నేరుగా పనిచేస్తాయి. పైన చెప్పిన వరస ఒక కార్యకారణ శృంఖల. అందులో చదివేవాడూ లేడు, చదివించేవాడూ లేడు. ప్రతిదాన్నీ లిపి అనటం మొదలుపెడితే చివరికి లేఖకుడు కావాలంటారు. ఆ లేఖకుడు ఎవరో మొదటి పేరాలోనే చూశాం.

డి.ఎన్.ఎ. అక్షరాలు మారకుండానే వాటిని చదివే తీరు మారుతుందన్న ఈ జ్ఞానాన్ని ఎపిజెనెటిక్స్ అంటున్నారు. రష్యాలో కొందరు దీన్ని ఆసరా చేసుకుని లైసెంకోను మళ్ళీ పైకి లేపారు. అమెరికన్ చరిత్రకారుడు లోరెన్ గ్రాహం 2016లో ఈ విషయం మీదే ఒక పుస్తకం రాసి, ఆ వాదనలో పస లేదని చూపించాడు. క్రొమాటిన్‌ను అర్థం చేసుకోవటానికి ఉపయోగపడిన ప్రతి పనిముట్టూ లైసెంకో కాదన్న జన్యుశాస్త్రం నుంచి వచ్చిందే. మన మిత్రుల్లోనూ, పరిసరాలు మారితే సంతానం మారుతుందని ఎపిజెనెటిక్స్ నిరూపించిందని ఉత్సాహంగా చెప్పేవాళ్ళున్నారు. వాళ్ళు ఒకటి ఆలోచించాలి. తల్లి ఆకలి బిడ్డ వంశమంతటికీ దిగుతుందనే మాటను పట్టుకుని, పేదల బిడ్డలు శాశ్వతంగా చెడిపోయారని చెప్పటానికి మన ప్రత్యర్థికి ఎంతోసేపు పట్టదు.

తెలిసిన నిజం ఇంతవరకు ఉంది. 1944-45 చలికాలంలో నాజీలు తిండి రవాణా ఆపినందువల్ల హాలెండ్‌లో కరువు వచ్చింది. అప్పుడు తల్లి కడుపులో తొలి నెలల్లో ఉన్నవాళ్ళ రక్తాన్ని 60 ఏళ్ళ తర్వాత పరీక్షిస్తే, ఐ.జి.ఎఫ్.2 అనే జన్యువు మీద మిథైల్ గుర్తులు వాళ్ళ తోబుట్టువుల్లో కన్న తక్కువగా ఉన్నాయని 2008లో ప్రచురించారు. ఒక సైన్యం చేసిన పని ఒక జన్యువు మీద ఆరు దశాబ్దాల పాటు గుర్తుగా ఉండిపోయింది. అక్షరం మాత్రం ఒక్కటీ మారలేదు. ఈ తేడాను వదిలెయ్యకూడదు. 1936లోనే అంబేద్కర్ ‘కుల నిర్మూలన’లో, కులాన్ని వంశశుద్ధి పేరుతో సమర్థించే వాదాన్ని ఆనాటి జీవశాస్త్రం ఆధారంగానే తిప్పికొట్టాడు. ఆయన జన్యుశాస్త్రాన్ని కాదనలేదు. దాని పేరు చెప్పుకుంటున్నవాళ్ళను కాదన్నాడు.

సంకేతం పని ఇంకా ముందుకు పోయింది. 2013లో అమెరికాలో జార్జ్ చర్చ్ బృందం ఇ.కోలైలో ఉన్న 321 అంబర్ గుర్తుల్నీ మార్చివేసింది. 2019లో కేంబ్రిడ్జిలో చిన్ బృందం 40 లక్షల అక్షరాల ఇ.కోలై గ్రంథాన్నంతా రసాయనికంగా తిరగరాసి, 18,214 చోట్ల మాటలు మార్చి, 64కు బదులు 61 మాటలతోనే బతికే జీవిని తయారు చేసింది. పుస్తకాలన్నిటి నుంచీ అరసున్నను తీసేస్తే ఆ గుర్తు పూర్తిగా ఖాళీ అయినట్టు, మూడు మాటలు ఖాళీ అయ్యాయి. 2021లో ఆ ఖాళీ మాటల్లో కొత్త అమైనో ఆమ్లాలను పెట్టారు. తమ పాత పట్టికనే నమ్ముకుని వచ్చిన వైరస్‌లు ఆ జీవిలో పెరగలేకపోయాయి. 2025లో 57 మాటలతో బతికేదాన్ని కూడా ప్రకటించారు.

ఈ పనంతటికీ పునాది వేసింది బెథెస్డాలో, కేంబ్రిడ్జిలో ప్రజాధనంతో జరిగిన పరిశోధన. ఫలాలు ఎటు పోతున్నాయో కూడా చరిత్రలో భాగమే. షుల్ట్జ్ పద్ధతుల మీద పేటెంట్లు ఉన్నాయి. వాటి ఆధారంగా మందులు తయారు చెయ్యటానికి 2003లో పెట్టిన ఆంబ్రెక్స్ అనే కంపెనీని 2024లో జాన్సన్ అండ్ జాన్సన్ దాదాపు 200 కోట్ల డాలర్లకు కొన్నది. చిన్ ప్రయోగశాల పని నుంచి 2022లో మరో కంపెనీ పుట్టింది. ఖొరానా, నిరెన్‌బర్గ్ పూర్తి చేసిన 64 మాటల పట్టికను మన ఇంటర్మీడియట్ పిల్లలు పాఠ్యపుస్తకంలో చదువుకుంటున్నారు. దానికి ఎవరికీ రుసుం కట్టనక్కర లేదు. ఆ పట్టికకు కొత్తగా చేరుతున్న మాటల్లో చాలావాటికి ఇప్పటికే యజమానులున్నారు.